పాటల చానళ్లు: వెలిశాయి, వెలిసిపోయాయి

పాట వినడానికి చెవులు చాలు. అయినా మనం పాటను చూడాలనుకుంటాం. మీ అమ్మానాన్నలు చదువుకునే రోజుల్లో టెలివిజన్‌లో పగలూ రాత్రీ పాటలే చూపించే చానళ్లంటే యువతకు ఎంతో మోజు. ఇప్పుడు మీలో ఎంతమంది పాట కోసం టీవీ ముందు కూర్చుంటున్నారు? తరగతిలో ఈ ప్రశ్న అడిగితే లేచే చేతులు చాలా తక్కువ. కావలసిన పాట ఫోనులో దొరుకుతుంటే టీవీ ఎందుకని పిల్లలే తిరిగి అడుగుతారు.

నలభై ఏళ్లలో ఒక ప్రసార సాధనం పుట్టి, పెరిగి, క్షీణించింది. జనం అభిరుచి మారడమే దీనికి కారణమని చాలామంది అంటారు. అది కొంతవరకే నిజం. అసలు కారణం తెలియాలంటే ఒక లెక్క వేయాలి. తరంగాలు ప్రయాణించే దారి ఎంత వెడల్పు? ఆ దారిలో ఒకేసారి ఎందరికి, ఎన్ని పాటలు పంపవచ్చు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని పాటల చానళ్ల కథ తెలుసుకుందాం. మన మైపాడు వంటి తీరగ్రామాల వారికి ఈ కథలో పాటలకు మించిన పాఠం కూడా ఒకటి ఉంది.

వారానికి ఏడు పాటలు

తెలుగులో మొదటి టాకీ చిత్రం "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలైంది. అప్పటినుండి మన సినిమాలలో పాటలు ఉంటూనే ఉన్నాయి. అంటే పాటకు తగిన బొమ్మ మన దగ్గర ముందునుంచే సిద్ధంగా ఉన్నది. పాశ్చాత్య దేశాలలో అలా కాదు. అక్కడి గాయకులు ఎక్కువగా రికార్డుల ద్వారానే ప్రసిద్ధులయ్యారు. పాటను చూపించాలంటే దాని కోసం ప్రత్యేకంగా చిత్రం తీయవలసి వచ్చేది.

బొమ్మ ఉన్నా దానిని ఇంటికి చేర్చే దారి మాత్రం మనకు లేదు. 1957లో ఆకాశవాణి "వివిధ భారతి" ప్రారంభించింది. శ్రోతలు కార్డు మీద పాట పేరు రాసి పంపితే "జనరంజని" వంటి కార్యక్రమాలలో వినిపించేవారు. టెలివిజన్ మన దేశంలో 1959లో ఢిల్లీలో మొదలైంది. మద్రాసు కేంద్రం 1975లోను, హైదరాబాదు కేంద్రం 1977లోను వచ్చాయి. హైదరాబాదు దూరదర్శన్ వారానికొకసారి "చిత్రలహరి" పేరుతో సినిమా పాటలు చూపేది.

అరగంటలో ఎన్ని పాటలు పడతాయి? పాటకు 4 నిమిషాల చొప్పున ఏడుకు మించవు. వారమంతా ఎదురుచూస్తే ఏడు పాటలు! అందుకే ఆ సమయానికి టీవీ ఉన్న ఇంటికి వీధిలోని పిల్లలంతా చేరేవారు.

భూమి గుండ్రంగా ఉండడం వల్ల వచ్చిన చిక్కు

ఆ ఏడు పాటలు కూడా అందరికీ అందేవి కావు. టెలివిజన్‌కు వాడే తరంగాలు దాదాపు కాంతిలాగా సూటిగా పోతాయి. భూమి ఉపరితలం మాత్రం వంగి ఉంటుంది. మైపాడు ఒడ్డున నిలబడి వేటకు వెళ్లే పడవను చూస్తూ ఉండండి. కొంతదూరం పోయాక ముందుగా పడవ అడుగు భాగం, ఆ తరువాత పై భాగం కనుమరుగవుతాయి. టీవీ తరంగాలకు కూడా ఇదే గతి.

ఎంత ఎత్తునుండి పంపితే ఎంత దూరం చేరుతుందో చెప్పే సులువైన సూత్రం ఒకటి ఉంది. ప్రసార స్తంభం ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. స్తంభం ఎత్తు 100 మీటర్లు అయితే వర్గమూలం 10, దూరం సుమారు 41 కి.మీ. మన ఇంటి మీది యాంటెన్నా ఎత్తు 9 మీటర్లు అయితే వర్గమూలం 3, దూరం సుమారు 12 కి.మీ. రెండూ కలిపితే 53 కి.మీ. మైపాడు నుండి చెన్నై సూటిగా కొలిచినా 150 కి.మీ. పైనే ఉంటుంది. స్తంభాన్ని ఎంత పెంచితే అక్కడి బొమ్మ ఇక్కడికి వస్తుందో మీరే లెక్కవేయండి.

సముద్రతీరంలో అప్పుడప్పుడు ఒక వింత జరుగుతుంది. నీటిమీద చల్లని తేమగాలి, దానిపైన వెచ్చని పొడిగాలి పొరలుగా నిలిచినప్పుడు తరంగాలు ఆ పొరల మధ్య వంగుతూ మామూలు కంటే చాలా దూరం పోతాయి. దూరపు కేంద్రాల బొమ్మ కొన్ని సాయంత్రాలు ఉన్నట్టుండి కనిపించి మాయమవడానికి ఇదొక కారణం. అయితే గాలి పొరలను నమ్ముకుని ప్రసారం నడపలేం గదా!

ఆకాశంలో స్తంభం

భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి భూమిని ఒకసారి చుట్టిరావడానికి పట్టే కాలం, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలం సమానం. అందువల్ల అది మనకు ఒకేచోట నిలిచినట్టు కనబడుతుంది. దీనినే భూస్థిర ఉపగ్రహం అంటారు. అది 36,000 కి.మీ. ఎత్తైన ప్రసార స్తంభం వంటిదన్నమాట! అక్కడినుండి చూస్తే దేశమంతా కనబడుతుంది. కాబట్టి భూమి వంపు ఇక అడ్డు కాదు.

ఈ విషయాన్ని గ్రామాలలో పరీక్షించిన తొలి దేశాలలో మనది ముఖ్యమైనది. 1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువులకు సంబంధించిన కార్యక్రమాలను ప్రసారం చేశారు. దీని పేరు "సైట్" ప్రయోగం.

ఆ గ్రామాలలో పెట్టిన పది అడుగుల గొడుగులను దేనితో చేశారో తెలుసా? కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో! కన్నాలున్న వల తరంగాలను ఎలా పట్టింది? వల కన్ను చేపకంటే చిన్నదైతే చేప దాటిపోలేదు. ఇక్కడా అంతే. ఆ ప్రసార పౌనఃపున్యం 860 మెగాహెర్ట్‌జ్. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు వస్తుంది. ఇనుప వల కన్నులు దానికంటే ఎంతో చిన్నవి. కాబట్టి ఆ తరంగానికి వల కూడా గట్టి రేకులాగే పనిచేసి, దానిని పరావర్తనం చెందించి నాభి వద్దకు చేర్చింది.

1983లో ఇన్సాట్-1బి రోదసి చేరింది. ఆ తరువాత దూరదర్శన్ కార్యక్రమాలు ఊరూరా వ్యాపించాయి. అప్పటికి ఆకాశంలో దారి పడింది. ఆ దారిలో పాటలు నడవడమే తరువాయి.

రోజంతా పాటలే

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎం.టీవీ అనే చానల్ ప్రారంభమైంది. సైట్ ప్రయోగం మొదలైన రోజుకు సరిగ్గా ఆరేళ్లు! ఎం.టీవీ మొదట చూపించినది ద బగుల్స్ అనే బృందం పాడిన పాట. రేడియో తారను వీడియో చంపేసిందని ఆ పాట పేరుకు అర్థం.

ఈ చానల్ వ్యాపార పద్ధతి గమనించదగినది. రికార్డు కంపెనీలు తమ పాటల వీడియోలను ప్రచారం కోసం తామే తీయించి చానల్‌కు ఇచ్చేవి. కాబట్టి చానల్‌కు కార్యక్రమాలు తయారుచేసే ఖర్చు తక్కువ. పాటల మధ్య ప్రకటనలు వేసుకుంటే ఆదాయం వచ్చేది. కంపెనీలకు రికార్డులు అమ్ముడయ్యేవి. 1983 చివరిలో వచ్చిన మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్" వీడియో దాదాపు 14 నిమిషాల చిన్న సినిమాయే.

మన దేశానికి ఈ గాలి 1991లో వీచింది. హాంకాంగ్ నుండి స్టార్ టీవీ ఏషియాశాట్-1 ఉపగ్రహం ద్వారా ప్రసారాలు మొదలుపెట్టింది. అందులో ఎం.టీవీ ఒకటి. 1994లో ఆ రెండు సంస్థలు విడిపోగా, స్టార్ సంస్థ "చానల్ వి" అనే సొంత పాటల చానల్ తెచ్చింది. 1996లో ఎం.టీవీ ఇండియా వచ్చింది. తెలుగులో 1995లో ఈటీవీ, జెమిని టీవీ మొదలయ్యాయి. 1996లో ఈటీవీలో శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో "పాడుతా తీయగా" ఆరంభమై, పాట మీద తెలుగువారి ఆసక్తిని ఇంకా పెంచింది. ఆ తరువాతి సంవత్సరాలలో జెమిని మ్యూజిక్, మా మ్యూజిక్ వంటివి తెలుగు పాటల కోసమే వెలిశాయి. మనవాళ్లు ప్రత్యేకంగా వీడియోలు తీయించవలసిన పని లేదు. సినిమా పాటలు వేలకొద్దీ ఉన్నాయి. వీక్షకులు ఫోన్ చేసి, యాంకరుతో రెండు మాటలు మాట్లాడి, మిత్రుల పేర్లు చెప్పి పాట అడిగేవారు. వివిధ భారతికి కార్డు రాసినట్టే ఇది కూడా!

ఒక దారిలో పది చానళ్లు

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 1995లో తెలుగు చానళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. అలాంటిది పాటలకే ప్రత్యేక చానళ్లు నడపగలిగే స్థోమత తరువాత ఎలా వచ్చింది?

ఉపగ్రహంలో సంకేతాలను అందుకుని తిరిగి భూమికి పంపే పరికరాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. పాత పద్ధతిలో ఒక ట్రాన్స్‌పాండర్ మామూలుగా ఒక చానల్‌నే మోసేది. దాని అద్దె మొత్తం ఆ ఒక్క చానలే భరించాలి. డిజిటల్ పద్ధతి వచ్చాక అదే ట్రాన్స్‌పాండర్ ఎనిమిది, పది చానళ్లను మోయసాగింది. ఇది కుదింపు అనే ఉపాయం వల్ల సాధ్యమైంది.

టీవీ బొమ్మ చుక్కలతో ఏర్పడుతుంది. ఒక్కో వరుసలో 720 చుక్కలు, అలాంటి వరుసలు 576, సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో చుక్కకు 16 బిట్ల సమాచారం అనుకుందాం. గుణించి చూడండి. సెకనుకు 16 కోట్ల 58 లక్షల బిట్లు, అంటే సుమారు 166 మెగాబిట్లు! ఇంత భారాన్ని యథాతథంగా పంపడం చాలా ఖర్చు.

ఇప్పుడు ఇసుకమీద నిలిపిన పడవను, దాని వెనుక సముద్రాన్ని వీడియో తీస్తున్నామనుకోండి. ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య పడవ మారదు, ఇసుక మారదు. అలలు మాత్రమే మారతాయి. అలాంటప్పుడు సెకనుకు 25 సార్లు పడవను తిరిగి పంపడమెందుకు? "పడవ ఎక్కడున్నది అక్కడే ఉంచు, అలలను మాత్రం ఇలా మార్చు" అని చెబితే చాలు. దీనికి తోడు మన కన్ను గుర్తుపట్టలేని సూక్ష్మమైన తేడాలను కూడా వదిలేస్తారు. ఈ విధంగా 166 మెగాబిట్లను 4 మెగాబిట్లకు, అంటే దాదాపు నలభయ్యో వంతుకు తగ్గించవచ్చు. నృత్యం జోరుగా ఉన్న పాటకు ఎక్కువ బిట్లు కావాలి, కూర్చుని పాడే పాటకు తక్కువ చాలు. ఎందుకో మీరు ఊహించగలరు.

అద్దె పదిమంది పంచుకోవడంతో చానల్ నడపడం చౌక అయింది. కేవలం తెలుగు పాటల కోసం ఒక చానల్ పెట్టినా గిట్టుబాటయ్యే పరిస్థితి వచ్చింది. ఇంటింటికీ చిన్న డిష్‌లు కూడా వచ్చాయి. 2007 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి జీఎస్ఎల్‌వి రాకెట్ మోసుకెళ్లిన ఇన్సాట్-4సీఆర్ ఉపగ్రహం ఇలాంటి ఇంటి డిష్‌ల కోసం ఉద్దేశించినదే. అప్పుడు నెల్లూరు జిల్లాలోను, 2022 నుండి తిరుపతి జిల్లాలోను ఉన్న శ్రీహరికోట మనకు దక్షిణాన సుమారు 90 కి.మీ. దూరం. ఆకాశం తేటగా ఉంటే రాకెట్ నిప్పు మన తీరం నుండి కూడా చూడవచ్చు.

ఎదురుచూపు లెక్క

ఇంత చక్కగా సాగిన చానళ్లు ఎందుకు తగ్గిపోయాయి? మళ్లీ లెక్కకే వద్దాం.

ఒక చానల్ దగ్గర 500 పాటలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 4 నిమిషాలు. వరుసగా అన్నీ వేయడానికి 2,000 నిమిషాలు, అంటే 33 గంటల 20 నిమిషాలు పడుతుంది. ప్రకటనలు కలపలేదు సుమా! మీకు వాటిలో ఒక పాట కావాలి. మీ అదృష్టం బాగుంటే వెంటనే రావచ్చు, బాగులేకుంటే 33 గంటలు ఆగాలి. సగటున ఆగవలసింది అందులో సగం, అంటే 16 గంటల 40 నిమిషాలు. పాటలు 1,000 అయితే సగటు ఎదురుచూపు కూడా రెట్టింపు అవుతుంది. పాటలు పెరిగిన కొద్దీ కావలసిన పాట మనకు దూరమవుతుంది. ఎదురుచూపు తగ్గించడానికి కొత్త పాటలను పదేపదే వేస్తే పాత పాటలకు చోటుండదు.

రెండో చిక్కు ఆదాయానికి సంబంధించినది. ధారావాహిక చూసేవారు తరువాత ఏమవుతుందోనన్న ఆత్రంతో అరగంట కదలరు. పాట ముగియగానే ఆ ఆత్రం ఉండదు. నాలుగు నిమిషాలకొకసారి ప్రేక్షకుడు రిమోట్ నొక్కి వేరే చానల్‌కు పోవచ్చు. ప్రకటనకర్తలు ఎక్కువసేపు నిలిచే ప్రేక్షకులనే కోరతారు. అందుకే ఎం.టీవీ 1992లోనే యువతీయువకులను ఒక ఇంట్లో ఉంచి వారి జీవితాన్ని చూపే "ద రియల్ వరల్డ్" మొదలుపెట్టింది. ఎం.టీవీ ఇండియాలో 2003లో "రోడీస్" వచ్చింది. ఇంటర్నెట్ దెబ్బ తగలకముందే పాటల చానళ్లలో పాటలు తగ్గడం మొదలైందన్న సంగతి గమనించండి.

మూడోది అన్నిటికంటే పెద్దది. 2005లో యూట్యూబ్ ప్రారంభమైంది. 2008లో దాని భారతీయ విభాగం వచ్చింది. ఆదిత్య మ్యూజిక్ వంటి పాటల కంపెనీలు తమ పాటలను అక్కడ తామే ఉంచి, ప్రకటనల ఆదాయంలో వాటా పొందసాగాయి. 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలై డేటా ధరలు బాగా పడిపోవడంతో పల్లెలలో కూడా ఫోనులో పాట చూడడం మామూలైంది. "నాటు నాటు" పాటనే తీసుకోండి. సాహిత్యంతో కూడిన వీడియో 2021 నవంబరులో ఇంటర్నెట్‌లో వచ్చింది. సినిమా విడుదలైంది 2022 మార్చిలో. 2023 మార్చిలో దానికి ఆస్కార్ బహుమతి లభించింది. సినిమాకు నాలుగు నెలల ముందే పాట జనంలోకి వెళ్లిందంటే, ఏ చానల్ అనుమతీ దానికి అవసరం లేకపోయిందన్నమాట.

ఇందులోని తమాషా గమనించారా? ట్రాన్స్‌పాండర్‌లో పది చానళ్లు పట్టేలా చేసి పాటల చానళ్లకు ప్రాణం పోసినది కుదింపు. వీడియో పాటను సన్నని ఇంటర్నెట్ దారిలో ఫోనుదాకా చేర్చి ఆ చానళ్లను దెబ్బతీసినదీ ఆ కుదింపే.

మన దేశంలో చానల్ వి 2018లో ఆగిపోయింది. 2025 డిసెంబరు 31న బ్రిటన్‌లోను మరికొన్ని దేశాలలోను ఎం.టీవీ మ్యూజిక్, ఎం.టీవీ 80స్, ఎం.టీవీ 90స్ మొదలైన పాటల చానళ్లు మూతపడ్డాయి. ఎం.టీవీ మ్యూజిక్ చివరిగా చూపించినది 1981లో ఎం.టీవీ మొట్టమొదట చూపించిన పాటే. ఎం.టీవీ ప్రధాన చానల్ మాత్రం ఆగలేదు. కాని అందులో పాటలకంటే ఇతర కార్యక్రమాలే ఎక్కువ.

ఒకరి నుండి అందరికీ, ఒకరి నుండి ఒక్కరికీ

అయితే కొత్త పద్ధతి అన్నివిధాలా మేలైనదా? తొందరపడకండి. ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఉపగ్రహం పంపే పాటను పది ఇళ్లు చూసినా, పది లక్షల ఇళ్లు చూసినా ఉపగ్రహానికి పని ఒక్కటే. సూర్యుడు ఒక్క ఊరికి ఎండ ఇచ్చినా వంద ఊళ్లకు ఇచ్చినా ఎక్కువ శ్రమపడడు గదా! దీనిని ఒకరి నుండి అందరికీ జరిగే ప్రసారం అనవచ్చు.

ఫోను పద్ధతి వేరు. మీరు కోరిన పాటను టవరు మీకోసమే విడిగా పంపుతుంది. మీ పక్కింటివారు అదే పాటను అదే నిమిషంలో అడిగినా వారికి మరొకసారి పంపవలసిందే. ఒక టవరు సెకనుకు మొత్తం 100 మెగాబిట్లు పంపగలదనుకుందాం. ఒక్కో ఫోనుకు వీడియో కోసం సెకనుకు 1 మెగాబిట్ కావాలనుకుందాం. అప్పుడు 100 మంది హాయిగా చూడవచ్చు. తరువాత 200 మంది వచ్చి చేరితే అందరి వాటా మూడో వంతుకు పడిపోతుంది. బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. తిరునాళ్లలో, బీచ్‌లో జనం కిక్కిరిసినప్పుడు ఫోన్లు మొరాయించడం మీకు అనుభవమే గదా! టవర్లు పెంచడం, గాజు తంతువుల కేబుళ్లు వేయడం, ఎక్కువమంది అడిగే పాటల నకళ్లను దగ్గరి నగరాలలోని కంప్యూటర్లలో ఉంచడం వంటి ఏర్పాట్లతో ఈ ఇబ్బందిని తగ్గించారు. తగ్గింది గాని పోలేదు.

కాబట్టి తేలినదేమిటి? ఎవరికి వారికి వేరువేరు వస్తువు, వేరువేరు సమయంలో కావాలంటే ఫోను పద్ధతి మంచిది. పాటలు అలాంటివే. వాటిని అందరికీ ఒకేసారి ప్రసారం చేయడం మరో దారి లేక చేసిన పని. మరో దారి దొరకగానే పాటలు అటు వెళ్లిపోయాయి. అందరికీ ఒకే వార్త, ఒకే క్షణంలో కావాలంటే మాత్రం పాత పద్ధతిని మించినది లేదు.

తుఫాను నాడు ఏది నమ్మాలి?

అలాంటి వార్త తీరవాసులమైన మనకు కొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. 1989 నవంబరు 9న పెనుతుఫాను మన జిల్లాలోని కావలి దగ్గరే తీరం దాటింది. 1980 దశకంలో ఆంధ్ర, తమిళనాడు తీరాలలో ఇన్సాట్ ద్వారా హెచ్చరికలు అందుకునే పరికరాలు అమర్చారు. 1990 మే నెలలో మళ్లీ భయంకరమైన తుఫాను కృష్ణా తీరాన్ని తాకింది. ముందుగా హెచ్చరికలు అంది, లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. చనిపోయినవారు సుమారు వెయ్యి మంది. ఆ వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. కాని పదివేలకూ వెయ్యికీ ఉన్న తేడాలో ముందుగా అందిన కబురు పాత్ర ఎంతో ఉంది.

తుఫాను రాత్రి అందరూ ఒకేసారి ఫోను చేస్తారు, వీడియోలు వెతుకుతారు. టవరు మీద భారం పెరుగుతుంది. కరెంటు పోతే కొంతసేపటికి టవరే ఆగవచ్చు. ఇంటి డిష్ కూడా భారీ వానలో ఆగిపోతుంది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 2.5 సెంటీమీటర్లే. వాన చినుకులు దానిని బాగా పీల్చుకుని చెదరగొడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన ఇళ్లలో టీవీ బొమ్మ గడ్డకట్టినట్టు నిలిచిపోవడానికి కారణం ఇదే. మీడియం వేవ్ రేడియో తరంగదైర్ఘ్యం వందల మీటర్లు. చినుకులు దానిని ఏమీ చేయలేవు. బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో ఇంట్లో ఉండాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

శాస్త్రజ్ఞులు ఈ పాత సూత్రాన్ని ఫోనులోకి కూడా తెచ్చారు. 2023లో దేశంలోని పలు రాష్ట్రాలలో ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగి, ఇది పరీక్ష మాత్రమేనని తెలిపే సందేశం తెరపై కనబడింది. దీనిలో టవరు ఒక్కో నంబరుకు విడిగా సందేశం పంపదు. ఒకే సందేశాన్ని గాలిలోకి వదులుతుంది. దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ అందుకుంటాయి. వందమంది ఉన్నా లక్షమంది ఉన్నా టవరుకు పని ఒక్కటే. పాటల చానల్ పనిచేసిన సూత్రమే ఇది!

పాటల విషయంలో మరొకమాట కూడా చెప్పుకోవాలి. చానల్ ఉన్నప్పుడు ఊరంతా ఒకే పాట చూసేది, మరునాడు బడిలో దాని గురించే మాటలు. మనం అడగని పాట, మనకు తెలియని పాత పాట కూడా మధ్యలో వచ్చి చెవిన పడేది. ఇప్పుడు మీరు ఏ పాట ఎంతసేపు చూశారో కంప్యూటరు లెక్క కట్టి, అలాంటిదే మరొకటి మీ ముందు పెడుతుంది. ఎంచుకునేది మనమేననుకుంటాం గాని, సగం ఎంపిక ఆ లెక్కదే. అప్పుడప్పుడు ఆ జాబితా పక్కన పెట్టి, ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో ఇష్టమైన పాట పేరు అడిగి విని చూడండి.

చేసి చూడండి, ఆలోచించండి

1. మైపాడుకు సూటిగా 150 కి.మీ. దూరంలోని స్తంభం నుండి 9 మీటర్ల ఎత్తు యాంటెన్నాకు ప్రసారం అందాలంటే స్తంభం ఎంత ఎత్తుండాలి? అంత ఎత్తైన స్తంభం కట్టడం సాధ్యమేనా?

2. సంకేతం భూమి నుండి భూస్థిర ఉపగ్రహానికి వెళ్లి తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుంది? కాంతి వేగం సెకనుకు 3 లక్షల కి.మీ. అని తీసుకోండి.

3. టీవీలో ఏదైనా పాటల కార్యక్రమాన్ని ఒక గంట చూసి, పాటలకు ఎన్ని నిమిషాలు, ప్రకటనలకు ఎన్ని, మాటలకు ఎన్ని పట్టాయో పట్టిక వేయండి. దాని ఆధారంగా 500 పాటల ఎదురుచూపు లెక్కను సవరించండి.

4. ఫోనులో ఒకే నిడివిగల రెండు వీడియోలు తీయండి. ఒకటి కదలని గోడది, రెండోది సముద్రపు అలలది. చేయి కదలకుండా ఫోనును దేనికైనా ఆనించి ఉంచండి. రెండు ఫైళ్ల పరిమాణాలను పోల్చండి. తేడా ఏమైనా కనిపించిందా? కారణం రాయండి.

5. మీ ఊరిలో తుఫాను హెచ్చరిక ఏయే మార్గాల ద్వారా అందుతుందో పెద్దలను అడిగి తెలుసుకోండి. వాటిలో కరెంటు లేకున్నా పనిచేసేవి ఏవి? టవరు ఆగిపోయినా పనిచేసేవి ఏవి? రెండు జాబితాలు తయారుచేసి తరగతి గోడకు అంటించండి.